దెబ్బ పడకముందే తేల్చుకోండి

కథ ఆడుకునే టేబుల్ దగ్గర గొడవలు ఎప్పుడొస్తాయో గమనించారా? సత్రంలో బేరమాడుతున్నప్పుడు రావు. రాజుగారి కొలువులో అబద్ధం చెప్పి బయటపడుతున్నప్పుడూ రావు. కత్తి దూశాకే వస్తాయి. మిగతా చోట్ల ఆట నడిపే డంజన్ మాస్టర్ (డీఎం) తీర్పు కాస్త అటూఇటూ అయినా కథ ఇంకో దారి పట్టి నడుస్తుంది. పోరాటంలో అలా కాదు. ఏడాదిపాటు వారం వారం కూర్చుని పెంచుకున్న క్యారెక్టర్ ఒక్క రోల్‌తో చచ్చిపోవచ్చు. అందుకే అక్కడ ఆటగాళ్లు పుస్తకం తీస్తారు, గొంతు పెంచుతారు.

డీఎం కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం ఈ అధ్యాయం. పోరాటపు రూల్‌ని సరిగ్గా చదవడం ఒక పని. అర్థం కానప్పుడు అక్కడికక్కడ తేల్చడం ఇంకో పని. నచ్చనప్పుడు మార్చడం మూడో పని. చాలామంది ఈ మూడింటినీ కలిపేస్తారు. చదివితే సరిపోయే చోట మార్చేస్తారు, తేల్చేసి ముందుకెళ్లాల్సిన చోట అరగంట చదువుతారు. నేను నమ్మేది ఒక్కటే. ప్రతి పోరాటపు రూల్‌నీ నమ్ముకుని ఎవరో ఒక ఆటగాడు తన క్యారెక్టర్‌ని తయారు చేసుకుని ఉంటాడు. రూల్ కదిపితే ముందు నష్టపోయేది అతనే. అతనెవరో తెలుసుకోకుండా రూల్ జోలికి వెళ్లకూడదు.

ఉదాహరణలన్నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నుంచే తీసుకుంటున్నాను. ఆ పుస్తకాలు 2014లో వచ్చాయి, 2024లో సవరించి మళ్లీ వేశారు. మీరు ఆడేది పాత్‌ఫైండర్ అయినా మరొకటి అయినా లెక్కలు మారతాయి కానీ ఆలోచించే పద్ధతి అదే.

రూల్స్ మార్చడమంటేనే తప్పు చేసినట్టు భయపడేవాళ్లకు ఒక మాట. ఈ ఆట పుట్టిందే రూల్ మార్చడంతో. 1971లో గేరీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి చైన్‌మెయిల్ అనే మధ్యయుగపు యుద్ధక్రీడ ప్రచురించారు. బొమ్మ సైనికులతో ఆడేది. అందులో మామూలు సైనికుడికి ఒక్క దెబ్బ తగిలితే బొమ్మ తీసి పక్కన పెట్టడమే. మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ తన బ్లాక్‌మూర్ ఆటలో ఒక్కో ఆటగాడికి ఒక్కో వీరుణ్ని ఇచ్చేసరికి అది చెల్లలేదు. తనదనుకున్న వీరుడు ఒక్క దెబ్బకు పోతే ఎవరు ఒప్పుకుంటారు? దాంతో అతను హిట్ పాయింట్లు తెచ్చాడు. అమెరికా అంతర్యుద్ధ కాలపు ఉక్కు ఓడల ఆట కోసం రాసుకున్న రూల్స్ నుంచి తీసుకున్నానని తర్వాత చెప్పాడు. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ పేర్లతో మొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ పెట్టె వచ్చింది. అంటే ఈ రోజు మనం పుస్తకం చూపించి వాదించుకునే హిట్ పాయింట్లు మొదట ఒకాయన ఇంటి టేబుల్ మీది హౌస్ రూలే.

ఇది తెలిస్తే ఇంకో మేలు ఉంది. హిట్ పాయింటంటే ఒంట్లో రక్తం లెక్క కాదు. ఇష్టపడి ఆడుకునే క్యారెక్టర్ వెంటనే చచ్చిపోకుండా ఆటను నిలబెట్టే ఏర్పాటు. 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లోనే గైగాక్స్ వివరించాడు, అందులో నేర్పు ఉంది, అదృష్టం ఉంది, దేహం కొంతే అని. "నిజంగా అయితే ఇలా జరగదు కదా" అని మొదలయ్యే వాదనలన్నిటికీ జవాబు ఇక్కడే ఉంది.

ముందు చదవండి

అలవాటుగా ఆడే టేబుళ్లలో సగం రూల్స్ ఎవరూ చదివినవి కావు, ఒకరి నుంచి ఒకరు విన్నవి. "ఒక టర్న్‌లో ఒక్క మంత్రమే వేయాలి" అని ఏళ్ల తరబడి చెప్పుకుంటూ వచ్చారు. 2014 పుస్తకంలో ఉన్నది వేరు. బోనస్ యాక్షన్‌తో ఏదైనా మంత్రం వేస్తే, అదే టర్న్‌లో ఇంకే మంత్రమూ వేయకూడదు, ఒక యాక్షన్‌తో వేసే క్యాంట్రిప్ (స్లాట్ ఖర్చు కాని చిన్న మంత్రం) తప్ప. అంతే. ఈ వాక్యాన్ని అక్షరాలా పట్టుకుంటే కొన్ని వింతలు బయటపడతాయి. క్లెరిక్ బోనస్ యాక్షన్‌తో హీలింగ్ వర్డ్ వేసి పడిపోయిన మిత్రుణ్ని లేపితే, మిగిలిన యాక్షన్‌తో గైడింగ్ బోల్ట్ వేయడానికి లేదు. సేక్రెడ్ ఫ్లేమ్ అయితే వేయొచ్చు, అది క్యాంట్రిప్ కాబట్టి. కానీ విజర్డ్ విద్యతోపాటు ఫైటర్ విద్య కూడా నేర్చుకున్నవాడు యాక్షన్ సర్జ్ వాడి ఒకే టర్న్‌లో రెండు ఫైర్‌బాల్స్ వేయొచ్చు, అక్కడ బోనస్ యాక్షన్ ఊసే లేదు. ఒకడు స్నేహితుణ్ని లేపినందుకు ఆగాలి, ఇంకొకడు రెండుసార్లు నిప్పు కురిపించొచ్చు. 2024లో దీన్ని సరిచేశారు. ఒక టర్న్‌లో స్పెల్ స్లాట్ ఖర్చుపెట్టి వేసే మంత్రం ఒక్కటే. యాక్షన్ సర్జ్‌తో వచ్చే అదనపు యాక్షన్‌ని మంత్రానికి వాడకూడదన్నారు.

రూల్ చదివేటప్పుడు అక్షరం ఏం చెబుతోందో, అది ఎందుకు పెట్టారో రెండూ అడగాలి. రెండూ ఒకటే అయితే పేచీ లేదు. వేరయినప్పుడు నేను ఉద్దేశం వైపే మొగ్గుతాను. మాయమైనవాళ్ల సంగతి తీసుకోండి. 2014 పుస్తకంలో ఇన్‌విజిబుల్ అనే స్థితి కింద రెండు అంశాలు ఉన్నాయి. మొదటిది, ఆ మనిషి కంటికి కనిపించడని. రెండోది, అతని మీద దాడి చేసేవాళ్లకు డిసడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి చిన్నది తీసుకోవడం), అతని దాడులకు అడ్వాంటేజ్ (పెద్దది తీసుకోవడం) అని. రెండో అంశంలో "కనిపించకపోతేనే" అన్న షరతు లేదు. కాబట్టి అక్షరం ప్రకారం, సీ ఇన్‌విజిబిలిటీ మంత్రం వేసుకుని అతన్ని కళ్లారా చూస్తున్న విజర్డ్ కూడా డిసడ్వాంటేజ్‌తోనే కొట్టాలి. ఒక స్లాట్ ఖర్చుపెట్టి, చూడ్డానికే పుట్టిన మంత్రం వేసుకున్న ఆటగాడికి ఈ తీర్పు చెప్పి చూడండి, ముఖం ఎలా వాడిపోతుందో. 2024 పుస్తకంలో ఆ షరతు చేర్చారు. ఉద్దేశం చూసి తీర్పు చెప్పిన డీఎంలు పదేళ్ల ముందే అక్కడున్నారు.

ఇంకో సూత్రం గుర్తుంచుకుంటే చాలా వాదనలు తెగిపోతాయి. ప్రత్యేకంగా చెప్పింది సాధారణంగా చెప్పిన దానిమీద గెలుస్తుంది. శత్రువు పక్కనుంచి కదిలి వెళ్లిపోతే వాడికి మనమీద ఒక ఉచిత దెబ్బ వేసే అవకాశం ఉంటుందన్నది సాధారణం. ఫలానా జీవికి అది వర్తించదని దాని వివరాల్లో రాసి ఉంటే ఆ జీవి విషయంలో అదే చెల్లుతుంది. కొత్తవాళ్లు సాధారణ అధ్యాయం తెరిచి వాదిస్తారు, పాతవాళ్లు ముందు ఆ జీవి పేజీ తెరుస్తారు.

నిద్రపోతున్న కాపలావాడు

చదవడానికి టైం లేనప్పుడు ఏం చేయాలి? ఒక్క సందర్భాన్ని దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఇది దాదాపు ప్రతి టేబుల్ మీదికీ వస్తుంది.

మొదటి లెవెల్ రోగ్ ఆడుతున్న అమ్మాయి కోట గోడ దిగి లోపలికి వచ్చింది. కాపలావాడు నిద్రపోతున్నాడు. "కత్తితో గొంతు కోసేస్తా" అంది. డీఎం "రోల్ చెయ్" అన్నాడు. "అన్నా, నిద్రపోతున్నాడు కదా! గొంతు కోస్తే చావడానికి రోల్ ఎందుకు?"

వినగానే న్యాయమే అనిపిస్తుంది. "సరే, చచ్చాడు" అనేయడం తేలిక. ఆ మాట అనేముందు లెక్క వేయండి. 2014 పుస్తకంలో మామూలు కాపలావాడి ఆర్మర్ క్లాస్ 16, హిట్ పాయింట్లు 11. స్పృహలో లేనివాడి మీద దాడికి అడ్వాంటేజ్, అంటే ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం. 5 అడుగుల లోపు నుంచి కొడితే తగిలిన ప్రతి దెబ్బా క్రిటికల్, అంటే డ్యామేజ్ పాచికలు రెట్టింపు. రోగ్‌కి దాడి మీద 5 కలుస్తుందనుకుందాం. పాచిక మీద 11 రావాలి. అడ్వాంటేజ్‌తో అది 75 శాతం. తగిలాక బాకు పాచికలు రెండు, స్నీక్ అటాక్ పాచికలు రెండు, దానిమీద 3. సగటున 15. వాడి ప్రాణం 11. తగిలితే 94 శాతం సార్లు చస్తాడు. మొత్తం మీద 100కి 70 సార్లు ఆ అమ్మాయి కోరుకున్నదే జరుగుతుంది.

ఇప్పుడు ఇంకా దగ్గరికి వెళ్లండి. ఆ 16లో డాలు ఇచ్చిన 2 కూడా ఉంది. డాలు చేతికి తగిలించుకుని ఎవరైనా పడుకుంటారా? గోడకు ఆనించి ఉంటుంది. ఆర్మర్ క్లాస్ 14 అయింది. 9 వస్తే చాలు, 84 శాతం. చంపే అవకాశం దాదాపు 80కి చేరింది. ఒక్క రూల్ కూడా మార్చలేదు, కళ్లముందున్న గదిని సరిగ్గా చూశాం. డీఎం "డాలు పక్కన పెట్టి పడుకున్నాడు, 14 కొడితే చాలు" అంటే ఆ అమ్మాయికి తన మాట చెవికెక్కిందని తెలుస్తుంది. పాచిక చేతిలోకి తీసుకుంటుంది.

అలా కాక "నిద్రపోయేవాణ్ని ఎవరు పొడిచినా చస్తాడు" అని రూల్ పెట్టారనుకోండి. ఫైటర్ అదే బాకుతో పొడిస్తే పుస్తకం ప్రకారం సగటున 8 డ్యామేజ్, కాపలావాడు 16 సార్లలో ఒక్కసారే చస్తాడు. కొత్త రూల్‌తో ఫైటర్‌కీ, విజర్డ్‌కీ, వంటవాడికీ అందరికీ ఒకటే ఫలితం. పొంచి ఉండి పొడవడమే తన విద్యగా ఎంచుకున్న రోగ్‌కి ఇక ప్రత్యేకత ఏముంది? అడిగింది ఆ అమ్మాయే, నష్టపోయేదీ ఆ అమ్మాయే. ఇంకోటి కూడా అడగండి: "రేపు రాత్రి మీరు అడవిలో పడుకున్నప్పుడు ఆర్క్ వచ్చినా ఇదే రూల్. సరేనా?" తమకు కావాలనుకున్న రూల్‌ని శత్రువు చేతిలో పెట్టి చూపిస్తే ఆటగాళ్లు చాలా త్వరగా ఆలోచనలో పడతారు. నేను ఏ కొత్త రూల్‌కైనా పెట్టే మొదటి పరీక్ష ఇదే.

అప్పటికప్పుడు తేల్చాల్సి వచ్చినప్పుడు ఎక్కువసేపు వెతకొద్దు. ఒకరు పుస్తకం వెతుకుతుంటే డీఎం పక్కవాడి టర్న్ నడిపించొచ్చు. దొరక్కపోతే ఒక తీర్పు చెప్పి, "ఈ రోజుకి ఇలా, వచ్చేవారానికి చదివి చెబుతాను" అని కాగితం మీద ఒక ముక్క రాసుకోండి. రెండు అర్థాలూ సమానంగా కనిపిస్తే ఆటగాడికి అనుకూలమైనదే తీసుకోండి. ప్రాణం పోయే రోల్ అయితే మాత్రం ఆగండి, అప్పుడు పుస్తకం తెరవడమే మర్యాద. ఒక క్యారెక్టర్ చచ్చాక "అయ్యో, రూల్ అలా కాదట" అని తెలుసుకోవడం కంటే పది నిమిషాల నిశ్శబ్దం నయం.

తీర్పు చెప్పేటప్పుడు గొంతు గురించి కూడా చెప్పాలి. "నేను డీఎంని, నేను చెప్పిందే" అన్న వాక్యం నిజమే, ఆ అధికారం పుస్తకమే ఇచ్చింది. అయినా అది వాడిన ప్రతిసారీ ఎదుటివాడు తర్వాతి ప్రశ్న అడగడం మానేస్తాడు. కారణం ఒక్క వాక్యంలో చెప్పండి. ఒప్పుకోకపోయినా అర్థం చేసుకుంటాడు.

మార్చాలనిపించినప్పుడు

ఇక అసలు సంగతికి వద్దాం. నాలుగు సెషన్లు నడిపేసరికి ప్రతి డీఎంకీ హౌస్ రూల్స్ పెట్టాలనిపిస్తుంది. ఆ కోరికలో తప్పులేదు. ఎక్కువమంది మొదట పట్టుకునే మూడు మార్పులు ఉన్నాయి. మూడూ చూడ్డానికి సరదాగా ఉంటాయి, మూడింటిలోనూ దెబ్బ తగిలేది అనుకోనివాళ్లకి.

మొదటిది క్రిటికల్. పాచిక మీద 20 పడింది, టేబులంతా కేక. డ్యామేజ్ పాచికలు రెట్టింపు చేసి వేస్తే రెండు ఒకట్లు వచ్చాయి. ఉసూరుమంటారు. అందుకని చాలా టేబుళ్లలో ఒక మార్పు చేస్తారు: ఒక జత పాచికలకు పూర్తి విలువ ఇచ్చేసి, ఇంకో జత వేయడం. గ్రేట్‌సోర్డ్‌కి పుస్తకం ప్రకారం క్రిటికల్ సగటు 14, ఈ మార్పుతో 19, ఫైటర్ బలం రెండింటి మీదా కలుస్తుంది. ఆటగాళ్లు సంతోషం. మరి శత్రువులకూ 20 పడుతుంది కదా. 2014 పుస్తకంలోని ఆర్క్ చేతిలో గ్రేట్‌యాక్స్ ఉంటుంది, పన్నెండు ముఖాల పాచిక, దానిమీద 3. ఎదురుగా మొదటి లెవెల్ విజర్డ్, హిట్ పాయింట్లు 8. సున్నాకి పడిపోయాక మిగిలిన డ్యామేజ్ తన పూర్తి హిట్ పాయింట్లకు సమానంగానో ఎక్కువగానో ఉంటే ప్రాణం నిలుపుకునే డెత్ సేవ్స్ కూడా లేవు, అక్కడికక్కడే చావు. అంటే ఈ విజర్డ్‌కి 16 తగిలితే కథ ముగిసింది. పుస్తకం ప్రకారం ఆర్క్ క్రిటికల్ కొడితే 16 గానీ అంతకుమించి గానీ వచ్చే అవకాశం 54 శాతం. కొత్త రూల్‌లో? 12 ఎలాగూ ఉంది, 3 ఎలాగూ ఉంది, రెండో పాచిక మీద ఎంత తక్కువ పడ్డా 1. మొత్తం 16. ప్రతి ఆర్క్ క్రిటికలూ ఆ విజర్డ్‌కి చావే, లేపే అవకాశమే లేదు.

ఆర్క్ బతికేది రెండు మూడు రౌండ్లు. విజర్డ్ బతకాల్సింది మొత్తం కథ. ఆ కథంతటిలో అతని మీద పడే దాడులు వందలు. కాబట్టి పోరాటంలో అదృష్టం పాత్రను పెంచే ఏ మార్పయినా చివరికి ఆటగాళ్ల మీదికే వస్తుంది. ఇంత చెప్పినా ఈ రూల్ కావాలంటే మూడో లెవెల్ దాటాక పెట్టుకోండి, అప్పటికి విజర్డ్‌కి కాస్త ఊపిరి ఉంటుంది. లేదా ఆటగాళ్లకు మాత్రమే పెట్టండి, దాన్ని బాహాటంగా చెప్పండి.

రెండోది 1 పడినప్పటి శిక్ష. పుస్తకం ప్రకారం దాడి రోల్ మీద 1 పడితే దెబ్బ తప్పిపోతుంది, అంతకుమించి ఏమీ లేదు. కొందరు దానికి పట్టికలు తయారు చేస్తారు: కత్తి జారిపోయింది, పక్కనున్న మిత్రుడికి తగిలింది, విల్లు తాడు తెగింది. మొదటి రెండుసార్లూ నవ్వుకుంటారు. తర్వాత లెక్క చూడండి. మొదటి లెవెల్ ఫైటర్ టర్న్‌కి ఒకసారి కొడతాడు. నాలుగు రౌండ్ల పోరాటంలో కనీసం ఒకసారి 1 పడే అవకాశం 18.5 శాతం. పదకొండో లెవెల్‌లో టర్న్‌కి మూడు దాడులు, అదే పోరాటంలో 46 శాతం. ఇరవయ్యో లెవెల్‌లో నాలుగు దాడులు, 56 శాతం. లోకంలోకెల్లా గొప్ప ఖడ్గవీరుడు రెండు పోరాటాల్లో ఒకదానిలో కత్తి పారేసుకుంటాడు, నిన్న కత్తి పట్టినవాడు ఐదింట ఒకదానిలో కూడా పారేసుకోడు. అదే సమయంలో ఫైర్‌బాల్ వేసే విజర్డ్ దాడి రోల్ చేయనే చేయడు, తప్పించుకునే రోల్ శత్రువులది. శిక్ష పట్టిక అతన్ని తాకదు. అసలే ఉన్నత లెవెల్స్‌లో మంత్రాలవాళ్లు ముందుంటారు, కత్తివాళ్లు వెనకబడతారు. ఈ రూల్ వెనకబడినవాణ్నే ఇంకా తోస్తుంది. నేను దీన్ని ఏ టేబుల్‌కీ సలహా ఇవ్వను. నవ్వే ముఖ్యమనుకుంటే టర్న్‌లో మొదటి దాడికి మాత్రమే పెట్టి, శిక్షగా కాక వర్ణనగా ఉంచండి. "కత్తి స్తంభానికి దిగబడింది, లాగి తీశావు" అంటే చాలు.

మూడోది ఫ్లాంకింగ్. శత్రువుకి అటూఇటూ ఇద్దరు నిలబడితే ఇద్దరికీ అడ్వాంటేజ్. ఇది 2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఐచ్ఛికంగా ఉంది, 2024 గైడ్‌లో తీసేశారు. 11 రావాల్సిన చోట అడ్వాంటేజ్ 50 శాతాన్ని 75 చేస్తుంది, అంటే పాచిక మీద 5 కలిపినంత. రెండడుగులు జరిగి నిలబడినందుకు ఇది చాలా ఎక్కువ. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి. అడ్వాంటేజ్ ఒకదానిమీద ఒకటి కలవదు. రెండో లెవెల్ బార్బేరియన్‌కి రెక్‌లెస్ అటాక్ వస్తుంది. తన ఒళ్లు శత్రువులకు అప్పగించి, వాళ్లందరికీ తనమీద అడ్వాంటేజ్ ఇచ్చి, బదులుగా తాను అడ్వాంటేజ్ తీసుకుంటాడు. ఎంత ధైర్యంగల బేరం అది! పక్కనే రోగ్ అటువైపు నిలబడి అదే అడ్వాంటేజ్‌ని ఊరికే తీసుకుంటుంటే ఆ బేరానికి అర్థమేముంది? తోడేళ్లు గుంపుగా వేటాడతాయి కాబట్టి వాటికిచ్చిన ప్యాక్ టాక్టిక్స్ అడ్వాంటేజ్ కూడా అలాగే వెలవెలబోతుంది. అందరూ అటూఇటూ చేరాలని చూస్తారు కాబట్టి మ్యాప్ మీద మనవాడు, శత్రువు, మనవాడు, శత్రువు అని ఒకే వరసలో నిలబడి ఉంటారు. నిలబడే చోటుకి విలువ ఇవ్వాలన్న ఆశ మంచిదే. అడ్వాంటేజ్ బదులు దాడికి 2 కలపండి. 50 శాతం 60 అవుతుంది, బార్బేరియన్ బేరం బతికే ఉంటుంది, రెండూ కలుపుకోవచ్చు కూడా.

మార్పులన్నీ ఇలా బెడిసికొట్టవు. మందు తాగే రూల్ చూడండి. 2014లో హీలింగ్ పోషన్ తాగడానికి మొత్తం యాక్షన్ పోయేది. కోలుకునేది సగటున 7. ఆర్క్ ఒక్క దెబ్బకి సగటున 9 పోతుంటే ఒక టర్న్ వదులుకుని 7 తెచ్చుకోవడం ఎవరికి బుద్ధి పుడుతుంది? పోషన్లు సంచుల్లో మూలుగుతుండేవి. అందుకని లెక్కలేనన్ని టేబుళ్లు దాన్ని బోనస్ యాక్షన్ చేసుకున్నాయి. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్ అలాగే పెట్టింది, 2024 పుస్తకం కూడా అదే చేసింది. ఈ మార్పు ఎందుకు నిలిచిందో ఆలోచిస్తే మంచి హౌస్ రూల్ లక్షణం తెలుస్తుంది: ఎవరూ వాడని వస్తువు వాడుకలోకి వచ్చింది, ఎవరి ప్రత్యేకతా పోలేదు. బోనస్ యాక్షన్‌తో దాక్కోవడమో పరుగెత్తడమో చేసే రోగ్ మాత్రం ఏదో ఒకటి ఎంచుకోవాలి. అది నష్టం కాదు, ఆలోచించుకోవాల్సిన ఎంపిక. యాక్షన్ మొత్తం ఖర్చుపెట్టి తాగితే పాచిక వేయకుండా పూర్తిగా 10 ఇచ్చే పద్ధతి కూడా కొన్ని టేబుళ్లలో ఉంది, అదీ బాగుంటుంది.

బాల్డర్స్ గేట్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఇప్పుడు కొత్తగా టేబుల్ దగ్గరికి వస్తున్న కుర్రాళ్లలో చాలామంది ఆ గేమ్ ఆడి వస్తున్నారు. ఎత్తు మీద నిలబడితే దాడికి 2 కలుస్తుందని, బోనస్ యాక్షన్‌తో శత్రువుని కొండ మీంచి తోసేయొచ్చని నమ్మి వస్తారు. అవి ఆ గేమ్ చేసుకున్న మార్పులు, పుస్తకంలో లేవు. మొదటి రోజే చెప్పండి. మూడో సెషన్‌లో కొండ అంచున నిలబడి చెబితే ఆ పిల్లవాడికి తన పథకం లాక్కున్నట్టే ఉంటుంది.

పడటం, లేవడం, మళ్లీ పడటం ఇంకో ఫిర్యాదు. సున్నాకి పడినవాణ్ని 60 అడుగుల దూరం నుంచి హీలింగ్ వర్డ్‌తో లేపేయొచ్చు కాబట్టి చావు భయం పోతుందంటారు. నిజమే. దానికి మందుగా, పడిన ప్రతిసారీ ఒక లెవెల్ ఎగ్జాషన్ (అలసట) ఇవ్వాలంటారు. 2014 లెక్కలో మూడు లెవెల్స్ అయితే దాడులన్నిటికీ డిసడ్వాంటేజ్, ఆరైతే చావు. ఎవరు ఎక్కువగా పడతారు? ముందువరసలో నిలబడి మిగతావాళ్లను కాపాడేవాడు. వెనక నిలబడి బాణాలు వేసేవాడికి ఎగ్జాషన్ రాదు. మళ్లీ ఫైటరే మూల్యం చెల్లించాడు. ఒకే పోరాటంలో రెండోసారి పడినప్పటి నుంచి మాత్రమే లెక్కపెడితే భయమూ ఉంటుంది, ముందువరసకు న్యాయమూ ఉంటుంది.

రూల్ ముట్టకుండా

పోరాటాలు గంటన్నర సాగుతున్నాయన్నది మీ బాధ అయితే బహుశా రూల్ తప్పు కాదు. ఆర్క్ హిట్ పాయింట్లు పుస్తకంలో 15 అని ఉంటుంది, పక్కనే దాన్ని తేల్చే పాచికలు కూడా ఉంటాయి. వాటి ప్రకారం 8 నుంచి 22 దాకా ఎంతైనా కావచ్చు. ఎనిమిది ఆర్కులను దింపుతున్నప్పుడు సగంమందికి 10 పెట్టండి. అది మీ హక్కు, పోరాటం మొదలవకముందు వరకూ. మొదలయ్యాక బాస్ త్వరగా చచ్చిపోతున్నాడని గుట్టుగా ఇంకో 40 కలపడం నేను ఒప్పుకోను. తన చివరి స్లాట్ దాచుకుని సరైన క్షణంలో వేసిన ఆటగాడి కష్టాన్ని తుడిచేయడమే అది. త్వరగా చచ్చాడా, చావనివ్వండి. సంబరపడనివ్వండి.

సగం చచ్చాక మిగిలిన శత్రువులు పారిపోవచ్చు, లొంగిపోవచ్చు. ఒకే రకం శత్రువులందరికీ ఒకే ఇనిషియేటివ్ వేయండి. తర్వాతి టర్న్ ఎవరిదో ముందే పిలవండి. వీటిలో దేనికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఒక పేజీ

హౌస్ రూల్స్ ఒక పేజీలో పట్టాలి. పట్టకపోతే మీరు వేరే ఆట ఆడాలనుకుంటున్నారు, ఆ ఆటనే వెతుక్కోవడం మంచిది. గల్లీ క్రికెట్‌లో వన్ టిప్ వన్ హ్యాండ్ ఔటన్నది టాస్ వేయకముందే ఒప్పుకుంటాం, బంతి చేతికి చిక్కాక కాదు. ఆ పేజీ కూడా క్యారెక్టర్లు తయారు చేసుకోకముందే అందరి చేతుల్లో ఉండాలి. ఫ్లాంకింగ్ ఉందో లేదో తెలిస్తేనే కదా ఒకరు బార్బేరియన్ ఎంచుకోవాలో వద్దో నిర్ణయించుకునేది.

ఆట మధ్యలో మార్చక తప్పకపోతే రెండు సెషన్ల మధ్య మార్చండి. అందరూ ఉన్న గ్రూపులో రాయడానికి ముందు, ఆ మార్పు వల్ల ఎక్కువ నష్టపోయే ఆటగాడితో విడిగా మాట్లాడండి. "వచ్చేవారం నుంచి ఫ్లాంకింగ్‌కి అడ్వాంటేజ్ తీసేసి 2 ఇద్దామనుకుంటున్నా. నీ రోగ్ స్నీక్ అటాక్‌కి అడ్వాంటేజ్ అక్కర్లేదు, నీ మనిషి శత్రువు పక్కన ఉంటే చాలు కాబట్టి అది పోదు. కానీ క్రిటికల్స్ తగ్గుతాయి, 9.75 శాతం నుంచి 5కి. నీకేమనిపిస్తోంది?" ఇలా అంకెతో సహా చెబితే తన క్యారెక్టర్ గురించి మీరు ఆలోచించారని అతనికి తెలుస్తుంది. ఇద్దరూ ఒప్పుకున్నాక మూడు సెషన్లు ఆడి చూద్దామని గ్రూపులో పెట్టండి, మూడో సెషన్ అయ్యాక పాచికలు సర్దేసేముందు అడగండి: ఉంచుదామా, తీసేద్దామా? తీసేద్దామంటే తీసేయండి. ఆ రూల్‌ని నమ్మి లెవెల్ పెరిగినప్పుడు ఎవరైనా ఏదైనా ఎంచుకుని ఉంటే, ఖర్చేమీ లేకుండా దాన్ని మార్చుకోనివ్వండి, ఎంత పెద్ద మార్పయినా సరే. ఆయుధం కూడా.